ప్రశాంతమైన తండ్రి కావలెను

పల్లవి ముక్కులోకి చింతగింజ పోవడానికి కారణం వాళ్ళవ్వ తిప్పమ్మ. వామనగుంటలాటలో ఓడిపోవడానికి తిప్పమ్మ ఒప్పుకోదు. ఆట అయ్యాక ఒక్క గింజ తక్కువ వచ్చినా సరే, మనవరాలి గుప్పిళ్ళు విప్పిస్తుంది, గౌను దులుపుతుంది, నోరు తెరిపించి వేలు పెట్టి మరీ చూస్తుంది. ఇన్ని సోదాలు దాటుకుని గింజ దాచాలంటే ఆరేళ్ళ పిల్లకు మిగిలిన చోటు ఒక్కటే. ఆ రోజు ఆటలో పల్లవి గెలిచింది. గింజ మాత్రం వెనక్కి రాలేదు.

మర్నాటికి గింజ నాని ఉబ్బింది. ఊళ్ళో సూదులేసే డాక్టరు సన్న పట్టకారుతో దాన్ని లాగబోయి, ఇంకాస్త లోపలికి తోసి, "ఇది మన వల్ల అయ్యే గింజ కాదప్పా, పెద్దాసుపత్రి గింజ" అని చేతులు కడుక్కున్నాడు.

పిల్ల తల్లి రెండో కాన్పుకు పుట్టింటికి వెళ్ళి ఉంది. తండ్రి వన్నూరప్ప గొర్రెల్ని పక్క దొడ్డివాళ్ళకు అప్పజెప్పి, కూతుర్ని భుజాన వేసుకుని బస్సెక్కాడు. వన్నూరప్ప మాట తక్కువ మనిషి. గొర్రెల వెంట ఎండలో తిరిగి తిరిగి అతని మొహం ఎంత గట్టిపడిపోయిందంటే, లోపల ఏం పుట్టినా బయటికి రావడానికి దారి దొరకదు. పల్లవికి పుట్టినప్పటి నుంచి ఆ మొహమే అలవాటు. అది కనబడుతున్నంతసేపూ పిల్లకు లోకంలో భయం లేదు.

పెద్దాసుపత్రిలో ముక్కు డాక్టరు లైటు పెట్టి చూశాడు. "చిన్న పనే. కానీ పాప తల కదిలిస్తే గింజ జారి ఊపిరిగొట్టంలో పడుతుంది. అప్పుడు చిన్న పని కాదు. కాస్త మత్తిచ్చి లాగేద్దాం. ఆలస్యం చెయ్యకు. రేపు పొద్దున పరగడుపున తీసుకురా" అన్నాడు.

బయటికొచ్చాక పల్లవి అడిగింది. "నాయనా, మత్తంటే ఏంది?"

"నిద్ర."

"నేను నిద్రపోతే నువ్వు యాడికన్నా పోతావా?"

"యాడికీ పోను. నీ చెయ్యి పట్టుకోని ఆడ్నే ఉంటా."

వన్నూరప్ప మాటిస్తే ఇచ్చినట్టే. పైగా ఆ మాట నిలబెట్టుకోవడానికి ఆసుపత్రి కూడా ఒప్పుకున్నట్టే కనిపించింది. గేటు మీద ఇంత పొడుగు బోర్డు ఉంది. "మీ బిడ్డకు మత్తు: మీ సమక్షంలోనే!" బోర్డులో ఒక తల్లి, ఒక తండ్రి, ఒక బిడ్డ ఉన్నారు. ముగ్గురూ పళ్ళన్నీ కనబడేలా నవ్వుతున్నారు. బిడ్డ మొహానికి మాస్కు కూడా ఉంది. అయినా నవ్వుతున్నట్టు తెలియాలని బొమ్మ గీసినవాడు మాస్కు మీదే పళ్ళు వేశాడు.

ఆ బోర్డు సూపరింటెండెంటు డాక్టర్ విశ్వంభరరావు పెట్టించింది. ఆయన ఎక్కడో నగరంలో ఒక సదస్సుకు వెళ్ళి, మత్తిచ్చేటప్పుడు తల్లో తండ్రో పక్కనుంటే పిల్లలు బెదరరని విన్నాడు. విన్నంతవరకూ మంచి మాటే. అంతకుముందు ఆ ఆసుపత్రిలో పిల్లల్ని థియేటర్ తలుపు దగ్గర తల్లి చేతుల్లోంచి లాక్కుపోయేవాళ్ళు. ఇకమీదట అలా జరగరాదని ఆయన హుకుం జారీ చేశాడు. మొదటి రోజు ఒక తండ్రి లోపలికి వచ్చి, మాస్కు చూసి, కళ్ళు తిరిగి పడ్డాడు. అతని తలకు కుట్లు వెయ్యాల్సి వచ్చింది. అంతే, తల్లిదండ్రులు ఊరికే ఉంటే చాలదు, ప్రశాంతంగా ఉండాలని ఇంకో హుకుం వచ్చింది. ప్రశాంతంగా ఉన్నారో లేదో ఎవరు చెప్పాలి? దానికో పరీక్ష పెట్టారు. పరీక్షకు ముందు పాఠం ఉండాలి కదా. పాఠం చెప్పడానికి ప్రమీలారాణి అనే అధికారిణిని వేశారు. ఆమె హోదా పేరు సమక్ష సంసిద్ధతా అధికారిణి.

మర్నాడు పరగడుపున వచ్చిన వన్నూరప్పకు థియేటర్ బదులు ప్రమీలారాణి గది చూపించారు. గదిలో మంచం మీద ప్లాస్టిక్ బొమ్మ ఒకటి పడుకుని ఉంది.

"ఈమె పేరు చిన్ని. మీ బిడ్డే అనుకోండి. మాస్కు పెడుతున్నాం. మీరు చిరునవ్వుతో, భరోసా ఉట్టిపడే కంఠంతో, 'బంగారూ, నువ్వు మబ్బుల్లో తేలిపోతున్నావు' అనాలి" అంది ప్రమీలారాణి.

వన్నూరప్ప బొమ్మ వైపు చూశాడు. బొమ్మ పైకప్పు వైపు చూస్తోంది.

"అనండి."

"మబ్బుల్లో పోతాండావు" అన్నాడు వన్నూరప్ప, బస్సు టిక్కెట్టు అడిగినట్టు.

"బంగారూ ఏది? చిరునవ్వు ఏది?"

"నా మొగం ఇట్లే ఉంటాది మేడం."

"ప్రయత్నించండి. బోర్డు మీద ఆయన్ని చూశారు కదా, అలా."

వన్నూరప్ప ప్రయత్నించాడు. పెదాలు రెండు పక్కలకీ లాగాడు. పళ్ళు బయటపడ్డాయి. కళ్ళు మాత్రం ఉన్నచోటే ఉన్నాయి. అప్పటిదాకా కుదురుగా కూర్చున్న పల్లవి ఒక్క కేక పెట్టి, రెండు చేతులూ వీపు వెనక దాచుకుంది.

"ఏమైంది పాపా?" అంది ప్రమీలారాణి కంగారుగా.

"సూది! మా నాయన నగితే సూదేస్తారు. పోయినతూరి కూడా నగినాడు."

ప్రమీలారాణి తన కాగితం మీద గట్టిగా ఏదో కొట్టేసింది. "తండ్రి నవ్వు వల్ల శిశువునకు భీతి" అని పైకి చదివి, "రేపు మళ్ళీ రండి. ఇంట్లో అద్దం ముందు సాధన చెయ్యండి" అంది.

"బిడ్డ పొద్దుటి నుంచి ఏం తినల్యా మేడం."

"రేపు కూడా తినకుండానే తీసుకురండి. ఒకవేళ మీరు పాసైతే?"

బయట వరండాలో తల్లులూ తండ్రులూ బారులు తీరి కూర్చుని, గోడ వైపు తిరిగి నవ్వుతున్నారు. వాళ్ళ పక్కన పిల్లలు ఆకలికి ఏడుస్తున్నారు. మత్తు డాక్టరమ్మ షహనాజ్ పొద్దున్నే చేతులు కడుక్కుని థియేటర్ గుమ్మంలో నిలబడి ఉంది. పల్లవి ముక్కు చూసి, "రెండు నిమిషాల పని" అంది. ఎవరికి చెప్పిందో తెలియదు. మధ్యాహ్నానికి చేతులు తుడుచుకుని వెళ్ళిపోయింది. రోజూ అంతేనట.

"ఇంతవరకూ ఒక్కరూ పాస్ కాల్యా అమ్మా?" అని వన్నూరప్ప పక్కనున్న తల్లిని అడిగాడు.

"ఒకాయప్ప పాసైనాడు. నెత్తిన గుడ్డ చుట్టుకోని, నిమ్మళంగా నగుకుంటా ఎంత బాగా చెప్పినాడో! లోపలికి తోలినాక తెలిసింది, ఆయప్ప తండ్రి కాదంట. టీ ఇయ్యడానికి వచ్చినాడంట."

రెండో రోజు వన్నూరప్పను సూపరింటెండెంటు ముందు హాజరుపరిచారు. విశ్వంభరరావు బల్ల వెనక గోడకు ఒక పటం వేలాడుతోంది. "పథకం ఆరంభమైన నాటి నుండి మత్తు సమయమున ఏడ్చిన పిల్లల సంఖ్య: సున్న." అది నిజమే. పథకం ఆరంభమైన నాటి నుండి ఆ ఆసుపత్రిలో ఏ పిల్లకూ మత్తు ఇవ్వలేదు.

"చూడు వన్నూరప్పా, మత్తు అనునది మందులో లేదు, సమక్షంలో ఉన్నది. ఈ సత్యాన్ని దేశం ఇంకా గుర్తించవలసి ఉన్నది" అన్నాడు విశ్వంభరరావు. ఆయన మామూలుగా మాట్లాడినా శిలాఫలకం చదివినట్టే ఉంటుంది.

"సరే సార్."

నర్సు వచ్చి వన్నూరప్ప చేతి నాడి పట్టుకుంది. నాడి గొర్రెపిల్ల గంతులేసినట్టు ఉంది.

"నీకు భయంగా ఉన్నదా?"

"ఉంది సార్."

"కారణము?"

"బిడ్డకు మత్తిస్తారు కదా సార్."

"నీ భయం పోతేనే గాని మత్తు ఇవ్వము."

"ఇచ్చి గింజ తీసేస్తే భయం పోతాది సార్."

"ముందు పోవలెను" అన్నాడు విశ్వంభరరావు. "వరుస మార్చుటకు నాకు అధికారం లేదు."

అసలు ఆ వరుస పెట్టింది ఆయనే. కానీ అధికారంలో ఉన్నవాళ్ళకు తాము పెట్టిన వరుస అంటే దైవం పెట్టినంత భక్తి ఉంటుంది. కాసేపు ఆలోచించాక ఆయన మొహం వెలిగింది. తండ్రికి భయం ఉంది. భయం పోవాలి. భయం పోవడానికి ఆసుపత్రిలో మందు ఉంది. కాబట్టి ముందు తండ్రికి కొంచెం మత్తు ఇచ్చి, అతను ప్రశాంతుడయ్యాక అతని సమక్షంలో బిడ్డకు మత్తు ఇవ్వాలి. ప్రమీలారాణి చప్పట్లు కొట్టింది. షహనాజ్‌ను పిలిపించారు.

"ఆపరేషన్ ఎవరికి సార్?" అంది షహనాజ్.

"పాపకు."

"మత్తు?"

"ప్రథమంగా తండ్రికి."

డాక్టరమ్మ వన్నూరప్ప వైపు చెయ్యి చూపింది. "సార్, పాప ఊపిరి మీదికి వస్తే ఎవరం ఏం చెప్పలేం. ఆయన్ని నా పక్కన నిలబెట్టండి చాలు. నవ్వకపోయినా పర్లేదు."

"నిలబెట్టుట వేరు, సమక్షం వేరు డాక్టర్" అన్నాడు విశ్వంభరరావు జాలిగా.

అయితే ఇంకో చిక్కు ఉందని ప్రమీలారాణి గుర్తుచేసింది. పథకం ఘనవిజయం సాధించిన సందర్భంగా పోయిన నెలలోనే దాన్ని అన్ని వయసుల వారికీ విస్తరించారు. పెద్దవాళ్ళకు మాత్రం భయం ఉండదా? కాబట్టి వన్నూరప్పకు మత్తివ్వాలంటే వన్నూరప్ప తల్లో తండ్రో ఎదురుగా ఉండాలి. ఆ మాటకొస్తే కింది వార్డులో కంటిపొర తీయించుకోవడానికి వచ్చిన ముసలివాళ్ళంతా తల్లిదండ్రుల కోసం ఎదురుచూస్తూ ఉన్నారు. వాళ్ళలో ఒకాయన చనిపోయిన తండ్రి ఫోటోను పరీక్షకు తెచ్చాడు. ఫోటోలో పెద్దాయన చివరిదాకా చెక్కుచెదరలేదు. అంత ప్రశాంతత తన సర్వీసులో చూడలేదని ప్రమీలారాణే ఒప్పుకుంది. కానీ 'బంగారూ' అనమంటే ఆయన అనలేదు. ఆ ఒక్కచోట తప్పాడు.

"నాయన లేడు సార్. మాయమ్మ ఉంది" అన్నాడు వన్నూరప్ప.

"పిలిపించు."

ఆ మధ్యాహ్నం ఆసుపత్రి మెట్ల మీద పల్లవి నోటితో ఊపిరి తీసుకుంటూ తండ్రి ఒళ్ళో పడుకుంది. ముక్కు పక్క బుగ్గ ఉబ్బింది. "నాయనా, నువ్వు ఎందుకు పాస్ కాల్యా?" అని అడిగింది.

"నగేది రాల్యా."

"నేను నేర్పిస్తా. ఊరికే నోరు తెరిసి పెట్టు."

వన్నూరప్ప నోరు తెరిచి పెట్టాడు. పల్లవి జాగ్రత్తగా చూసింది. "వద్దులే" అంది.

ఆ పిల్ల నిద్రపోయినా అతను నిద్రపోలేదు. ఊపిరి ఎక్కడ ఆగుతుందోనని ఆ రాత్రీ, అంతకు ముందు రాత్రీ పిల్ల ఛాతీ మీద చెయ్యి వేసుకుని కూర్చున్నాడు.

మూడో రోజు తిప్పమ్మ దిగింది. కొడుకును చూడలేదు, ఆసుపత్రిని చూడలేదు. నేరుగా మనవరాలి ముక్కులోకి చూసింది.

"నా గింజ యాడ పోయిందో అనుకుంటి. దొంగముండా, గెలిసినానని ఊరంతా చెప్తివి కదే!"

"గెలిసినా కదా అవ్వా" అంది పల్లవి ముక్కుతో.

"ఒక గింజ లెక్కలోకి రాల్యా. అది వచ్చినంక చూద్దాం ఎవురు గెలిసినారో."

తిప్పమ్మను పరీక్షకు కూర్చోబెట్టారు. తిప్పమ్మకు అర్ధగంటకోసారి ముక్కుపొడుం పడాలి. పడితే ఆమె ముందు పిడుగు పడినా తల తిప్పి చూడదు. పరీక్షకు ముందే దట్టంగా పట్టించి ఉండటం వల్ల నాడి గోడగడియారంలా కొట్టింది. ప్రమీలారాణి బొమ్మ మొహానికి మాస్కు పెట్టి, మీ కొడుకే అనుకోమంది.

"వాడికి ఇంత తెల్లటి మొగం యాడిదమ్మా?" అంది తిప్పమ్మ.

"అనుకోండి. ధైర్యం చెప్పండి."

"ఏం రా, ఊరికే పండుకోరా. ఏమీ కాదు. ఏమన్నా అయితే నేనుండా కదా."

ఇందులో 'బంగారూ' లేదని ప్రమీలారాణి అభ్యంతరం చెప్పింది. కానీ పరీక్ష మొదలైన నాటి నుంచి టీ ఇచ్చే ఆయన్ని మినహాయిస్తే నాడీ మాటా రెండూ కుదిరిన బతికున్న మనిషి ఈమె ఒక్కతే కావడంతో, బంగారు లోపాన్ని ప్రత్యేక అనుమతితో మన్నించారు. విశ్వంభరరావు స్వయంగా వచ్చి తిప్పమ్మ మెడలో దండ వేశాడు. తిప్పమ్మ దాన్ని తీసి, పూలు వాసన చూసి, "కనకాంబరాలకు వాసన ఉండదు కదా" అంది.

థియేటర్లో రెండు మంచాలు వేశారు. ఒకటి వన్నూరప్పకు, ఒకటి పల్లవికి. నడుమ స్టూలు మీద తిప్పమ్మ. ఆమెకు ఆకుపచ్చ గౌను తొడిగి తలకు టోపీ పెట్టారు. తల దగ్గర స్టీలు ట్రే, దాని పక్కన ముక్కు డాక్టరు. కాళ్ళ దగ్గర విశ్వంభరరావు, ప్రమీలారాణి, ఫోటో తీసేవాడు. చరిత్రలో మొదటిసారి మూడు తరాల సమక్షం ఒకే గదిలో నెలకొనడం గురించి విశ్వంభరరావు నాలుగు ముక్కలు చెబుతుంటే, పల్లవి కడుపు గుర్రుమని శబ్దం చేసింది.

షహనాజ్ వన్నూరప్ప చేతికి సూది పెట్టింది. చాలా కొంచెం మందు, పిల్లి కూడా లెక్కచేయనంత. "ఊరికే కాస్త నిమ్మళంగా ఉంటుంది, అంతే" అంది. కానీ ఆ దేహం మూడు రోజులుగా ఒక సందు కోసం కాచుకుని ఉంది. వీపు పరుపుకు ఆనింది, మందు ఒక వంక దొరికింది. "పాప చెయ్యి..." అంటూ అతను పక్క మంచం వైపు చెయ్యి చాపాడు. ఆ చెయ్యి దారిలోనే ఆగిపోయింది. గురక మొదలైంది.

ప్రమీలారాణి నాడి చూసింది. ఆమె కళ్ళు చెమర్చాయి. "సార్! సంపూర్ణ ప్రశాంతత!"

"తండ్రి సిద్ధము" అని ప్రకటించాడు విశ్వంభరరావు. "ఇక శిశువునకు మత్తు ఇవ్వండి."

"సార్, ఆయన నిద్రపోతున్నాడు" అంది షహనాజ్.

"సమక్షంలోనే నిద్రపోతున్నాడు కదా?"

పల్లవి ఈ పెద్దవాళ్ళ మాటలు వినడం లేదు. మంచం దిగి, అవ్వ ఒళ్ళోకి ఎక్కి, గాలిలో ఆగిపోయిన తండ్రి చేతిని రెండు చేతులతో పట్టుకుంది. మూడు రోజులుగా పాఠాలన్నీ విని ఉంది కదా, ఆ పిల్లకు అంతా కంఠతా వచ్చేసింది. తండ్రి చెవి దగ్గర నోరు పెట్టి మెల్లగా చెప్పింది.

"బంగారూ, నువ్వు మబ్బుల్లో తేలిపోతాండావు. నేను యాడికీ పోను. నీ చెయ్యి పట్టుకోని ఈడ్నే ఉండా."

షహనాజ్ మాస్కు పైకి లాక్కుంది. తిప్పమ్మ నెత్తిన టోపీని కళ్ళ మీదికి దించుకుంది. అలాంటప్పుడు ఆమెకు తెలిసిన మందు ఒక్కటే. గౌను ఎత్తి, చీర కొంగు ముడి విప్పి, దండిగా ఒక పట్టు పొడుం తీసి ముక్కులో ఎక్కించింది. కళ్ళకు టోపీ అడ్డమై సగం పొడుం ఒళ్ళో ఉన్న మనవరాలి మొహాన రాలింది.

పల్లవి తల వెనక్కి వాల్చింది. నోరు తెరిచింది. "హా..." అంది. ముక్కు డాక్టరు, మత్తు డాక్టరు ఇద్దరూ ముందుకు దూకేలోపే, థియేటర్ దద్దరిల్లేలా తుమ్మింది.

స్టీలు ట్రేలో ఠంగుమని ఏదో పడింది.

షహనాజ్ లైటు పెట్టి ముక్కులోకి చూసింది. రెండో పక్క కూడా చూసింది. ఛాతీ మీద గొట్టం పెట్టి ఊపిరి విన్నది. "అయిపోయింది" అంది. తర్వాత గౌను జేబులోంచి బన్ను తీసి పల్లవి చేతిలో పెట్టింది. ఆ బన్ను ఆమె రోజూ తెచ్చేదేమో, ఎవరూ అడగలేదు.

విశ్వంభరరావు మాత్రం ట్రేలో గింజను చూస్తూ చాలాసేపు నిలబడ్డాడు. ముక్కులోంచి గింజ రావాలంటే మత్తు ఇవ్వాలి. గింజ వచ్చింది. కాబట్టి మత్తు ఇచ్చారు. ఎవరికి ఇచ్చారు? వన్నూరప్పకు. అటువంటప్పుడు గింజ ఎవరిది?

"వన్నూరప్పది" అన్నాడు ఆయన నింపాదిగా. "తల్లి సమక్షంలో వన్నూరప్పకు మత్తు ఇచ్చి, గింజ తొలగించడమైనది. రోగి ఏడవలేదు. రాసుకో ప్రమీలారాణీ."

"పాప తుమ్మింది కదా సార్?" అన్నాడు ముక్కు డాక్టరు.

"ఎవరో తుమ్మితే గింజ వచ్చేదానికి ఇంత పెద్ద ఆసుపత్రి ఎందుకు?" అన్నాడు విశ్వంభరరావు.

వన్నూరప్ప సాయంత్రానికి కళ్ళు తెరిచాడు. మొదట కనబడింది పల్లవి మొహం. చెంపల నిండా బన్ను ఉంది. నోరు మూసుకుని, ముక్కుతో ఊపిరి తీస్తూ నములుతోంది. చెయ్యి ఇంకా అతని చేతిలోనే ఉంది.

"అయిపాయనా పాపా?"

"అయిపాయ నాయనా. నువ్వు ఏడ్సనే ల్యా."

ప్రమీలారాణి వచ్చి, ఇంటికి వెళ్ళే రోగికి చెప్పవలసిన జాగ్రత్తలు చదివింది. "వన్నూరప్పా, ఆటలాడునప్పుడు గింజలు, పూసలు, బలపపు ముక్కలు ముక్కులో పెట్టుకొనరాదు. అర్థమైందా?"

వన్నూరప్ప కూతురి వైపు చూశాడు. తల్లి వైపు చూశాడు. తిప్పమ్మ ట్రేలోంచి తీసుకున్న గింజను కొంగుకు తుడుస్తోంది.

"అర్థమైంది మేడం."

"మళ్ళీ ఎప్పుడైనా పెట్టుకుంటారా?"

"పెట్టుకోను మేడం" అన్నాడు వన్నూరప్ప. అని, నవ్వాడు. ఈసారి కళ్ళు కూడా నవ్వాయి. ఆ మొహంలో అంత దారి ఉందని అతనికే తెలియదు.

ప్రమీలారాణి జాగ్రత్తల కాగితం మడిచేసింది. ఆ నవ్వు బోర్డు మీద నవ్వు కంటే బాగుంది. గబగబా సూపరింటెండెంటు గది వైపు పరిగెత్తింది. "సార్, వన్నూరప్ప పాస్! నవ్వాడు సార్!" వెంటనే లోపల్నుంచి గంభీరమైన కంఠం వినబడింది. "శుభం. అయితే ఆలస్యం దేనికి? తండ్రి సమక్షంలో శిశువునకు మత్తు ఇచ్చుటకు థియేటర్ సిద్ధం చెయ్యండి!"

"లెయ్‌రా" అంది తిప్పమ్మ.

ముగ్గురూ వెనక గేటు నుంచి బస్టాండు దారి పట్టారు. తండ్రి భుజం మీద కూర్చున్న పల్లవి కొంచెం దూరం పోయాక వంగి అతని మొహంలోకి చూసింది. అతను ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. పల్లవి నమలడం ఆపి, రెండు చేతులూ వీపు వెనక దాచుకుంది.

"నాయనా," అంది భయంగా, "ఇంగా సూది ఉందా?"